పోలీసులు ఎప్పుడొచ్చారు?

ఎక్కడో ఒక దేశంలో ఇంకో దేశపు ఎంబసీ మీద దాడి జరిగిందని వార్త రాగానే టీవీల్లో ఒకే రకం దృశ్యాలు తిరుగుతాయి. గేటెక్కిన కుర్రాళ్లు, తగలబడుతున్న జెండా, పగిలిన కిటికీలు, ఆవరణలో చెల్లాచెదురైన కాగితాలు. వెంటనే చర్చ మొదలవుతుంది. జనం కోపంలో న్యాయం ఉందా, దాడి చేసినవాళ్లు ఎవరి మనుషులు, వెనక ఎవరున్నారు? నేను మాత్రం కొన్నేళ్లుగా ఆ వార్తల్లో వేరే సంగతి వెతుక్కుంటున్నాను. పోలీసులు ఎప్పుడొచ్చారు? వచ్చి ఏం చేశారు? మర్నాడు పొద్దున ఆ దేశ ప్రభుత్వం ఏం మాట్లాడింది? వీటికి జవాబు దొరికితే మిగతా కథ చాలావరకు అర్థమైపోతుంది.

ఎంబసీలు మారుమూల అడవుల్లో ఉండవు. రాజధాని నగరంలో, ప్రభుత్వానికి కూతవేటు దూరంలో ఉంటాయి. అలాంటి చోట కొన్ని వందలమంది గోడ దూకి, గంటల తరబడి లోపల వీరంగం ఆడగలిగారంటే అది వాళ్ల గొప్పతనం అని నేననుకోను. ఎవరో ఒక అధికారి ఫోన్ ఎత్తలేదు. లేదా ఎత్తి, 'చూద్దాం' అన్నాడు.

టెహ్రాన్‌నే తీసుకోండి. 1979 అనగానే అందరికీ నవంబర్ 4 గుర్తొస్తుంది. అమెరికా ఎంబసీ, 52 మంది బందీలు, 444 రోజులు. కానీ అదే ఎంబసీని అదే ఏడాది ఫిబ్రవరి 14న కూడా సాయుధులు ఆక్రమించారన్న సంగతి ఎక్కువమందికి గుర్తుండదు. అప్పటికి ఇరాన్‌లో రాజు షాని గద్దె దించిన విప్లవం గెలిచి మూడు రోజులే అయింది. ఊళ్లో ఎవరి చేతిలో చూసినా తుపాకీ. రాయబారి విలియం సలివన్‌తో సహా సిబ్బంది అందరినీ పట్టుకున్నారు. కొన్ని గంటలు తిరక్కుండా కొత్త ప్రభుత్వం తరఫున ఇబ్రహీం యజ్దీ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి వాళ్లని విడిపించారు. చేతిలో సరైన పోలీసు వ్యవస్థ కూడా లేని ప్రభుత్వం ఆ పని చేయగలిగింది!

నవంబర్‌కి వచ్చేసరికి అదే యజ్దీ విదేశాంగ మంత్రి. చికిత్స కోసం షాని అమెరికా తన దేశంలోకి రానిచ్చిందన్న కోపంతో విద్యార్థులు ఎంబసీలోకి చొరబడ్డారు. ఆ సమయానికి అమెరికా తరఫున అక్కడ పెద్దగా ఉన్న బ్రూస్ లేంజెన్ ఎంబసీలో లేరు. ఏదో పని మీద ఇరాన్ విదేశాంగ శాఖకి వెళ్లారు. కబురు తెలియగానే అక్కడే కూర్చుని సాయం చేయమని అడిగారు. సాయం రాలేదు సరికదా, ఆయనా ఇద్దరు సహోద్యోగులూ ఆ విదేశాంగ శాఖ భవనంలోనే ఏడాదికి పైగా బందీలుగా ఉండిపోయారు. దౌత్యవేత్తని కాపాడాల్సిన శాఖే ఆయనకి చెరసాల అయింది. యజ్దీ మాట చెల్లలేదు, ఎందుకంటే ఈసారి విప్లవ నాయకుడు ఖొమేనీ విద్యార్థుల్ని మెచ్చుకున్నారు. రెండు రోజులకే ప్రధాని బజర్గాన్ ప్రభుత్వం రాజీనామా చేసి తప్పుకుంది.

ఫిబ్రవరికీ నవంబర్‌కీ మధ్య ఎంబసీ గోడల ఎత్తు మారలేదు. అమెరికా మీద జనానికున్న కోపమూ కొత్తది కాదు. మారింది పైనుంచి వచ్చే మాట. 1980 మే 24న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు కూడా ఈ తేడా మీదే నడుస్తుంది. మొదట విద్యార్థులు చేసింది నేరుగా ఇరాన్ ప్రభుత్వం చేసిన పని కాదు, అయితే ఆపాల్సిన బాధ్యత ఉండీ ఆపకపోవడం ప్రభుత్వం తప్పు. ఆ తర్వాత ఖొమేనీ దాన్ని సమర్థించి, బందీల్ని ఉంచుకోమన్నాక అది ప్రభుత్వం చేసిన పనే అయిపోయింది. చూస్తూ ఊరుకోవడం ఒక తప్పు, భుజం తట్టడం ఇంకో తప్పు.

టెహ్రాన్ ఎంబసీని ఆక్రమించిన మూడు వారాల్లోపే, 1979 నవంబర్ 21న, ఇస్లామాబాద్. ముందురోజు మక్కాలోని పెద్ద మసీదుని కొందరు సాయుధులు ఆక్రమించారు. వాళ్లు సౌదీ వాళ్లే ముఖ్యంగా, నాయకుడు జుహేమాన్ అల్ ఉతైబీ. కానీ దీని వెనక అమెరికా ఉందన్న పుకారు రేడియోల మీదుగా ఊరూరా పాకింది. మధ్యాహ్నానికి వేలమంది అమెరికా ఎంబసీని చుట్టుముట్టి నిప్పు పెట్టారు. లోపలున్న 130 మందికి పైగా జనం పై అంతస్తులో ఉక్కు తలుపుల గదిలోకి చేరారు. కింద మంటలు. నేల కాలుతోంది, గాలి లేదు, తడిగుడ్డలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటున్నారు. పైకప్పు మీదికి ఒక మూత ఉంది, కానీ పైన కూడా దాడి చేసినవాళ్లే తిరుగుతున్నారు. అలా గంటల తరబడి. చీకటి పడ్డాక పైన చప్పుడు తగ్గిందని చూసుకుని, వాళ్లంతట వాళ్లే బయటికొచ్చారు. ఇద్దరు అమెరికన్లు, ఇద్దరు పాకిస్తానీ ఉద్యోగులు అప్పటికే చనిపోయారు.

పాకిస్తాన్ సైన్యం ప్రధాన స్థావరం పక్కనే రావల్పిండిలో. దేశాన్ని ఏలుతున్నది సైన్యమే. సైనిక పాలకుడు జనరల్ జియా ఆ రోజు రావల్పిండి వీధుల్లో సైకిల్ తొక్కుతూ జనాన్ని పలకరిస్తున్నారు. మార్షల్ లా నడుస్తున్న దేశంలో, రాజధానిలో, సైనికులు ఒక భవనం దగ్గరికి చేరుకోవడానికి ఇంత సేపు పట్టిందంటే దాన్ని ట్రాఫిక్ జామ్ అని సర్దిచెప్పలేం కదా. ఆ తర్వాత పాకిస్తాన్ నష్టం భరించి ఎంబసీ మళ్లీ కట్టుకోవడానికి డబ్బు ఇచ్చింది. పుకారు పుట్టించినవాళ్లకి ఏ నష్టమూ రాలేదు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. అమెరికా ఎంబసీ ఉన్న నేల అమెరికాదేనని, మన ఎంబసీ గేటు దాటితే మన దేశంలో అడుగుపెట్టినట్టేనని. అది నిజం కాదు. నేల ఎప్పుడూ ఆతిథ్య దేశానిదే. అనుమతి లేకుండా లోపల అడుగుపెట్టకూడదు, అంతే. 1961 నాటి వియన్నా ఒప్పందం ఆర్టికల్ 22 ఆతిథ్య దేశం మీద రెండు బరువులు పెట్టింది: నువ్వు లోపలికి వెళ్లకూడదు, ఇంకెవరినీ చొరబడనివ్వకూడదు. రెండోదాన్ని 'ప్రత్యేక బాధ్యత' అంటుంది. గేటు బయట ఉన్నది ఆ దేశ పోలీసులే కాబట్టి అంతకంటే వేరే దారి కూడా లేదు. ఎంబసీ లోపల ఉండే సొంత గార్డులు పిడికెడు మంది. వాళ్లు కాగితాలు కాల్చేదాకా, తలుపులు మూసేదాకా సమయం సంపాదించగలరు. ఊరిమీద యుద్ధం చేయలేరు.

దూతని చంపకూడదన్న నియమం వియన్నా కంటే చాలా పాతది. లంకలో నిండు సభలో విభీషణుడు చెప్పింది అదే. రావణుడు సరేనని, చంపడం మానేసి తోకకి నిప్పు పెట్టించాడు. ఆ తర్వాత ఎవరి ఊరు కాలిందో చెప్పనక్కర్లేదు. 1829లో టెహ్రాన్‌లోనే రష్యా రాయబారి గ్రిబోయెదొవ్‌ని మూక చంపేసింది. ఆయన పేరున్న నాటక రచయిత కూడా. రష్యాతో అప్పుడే యుద్ధంలో ఓడిన షా గాభరాపడి, క్షమాపణ చెప్పడానికి మనవణ్ణి సెయింట్ పీటర్స్‌బర్గ్ పంపించాడు. కానుకగా 88 క్యారెట్ల పైచిలుకు వజ్రం. దాని మీద అహ్మద్‌నగర్ నిజాంషా పేరు, షాజహాన్ పేరు, ఫత్ అలీ షా పేరు చెక్కి ఉంటాయి. ఇప్పుడది క్రెమ్లిన్‌లో ఉంది. ఆ రోజుల్లో తప్పుకి ధర ఎంతో కనీసం కంటికి కనిపించేది.

సరే, ఇటువైపు వాదన కూడా వినాలి. ఎంబసీలు మునుల ఆశ్రమాలేం కావు. 1953లో ఇరాన్ ప్రధాని మొసాదెఖ్‌ని కూలదోసిన కుట్రలో టెహ్రాన్ అమెరికా ఎంబసీకి పాత్ర ఉంది. 1979లో ఆ కుర్రాళ్లు దాన్ని గూఢచారుల గూడు అన్నారంటే గాల్లోంచి తీసి అన్న మాట కాదు. ముక్కలు చేసిన రహస్య పత్రాల్ని పేలిక పేలికా అతికించి పుస్తకాలుగా అచ్చువేశారు. అయితే ఏం చేయాలి? న్యాయస్థానం ఇచ్చిన జవాబు నాకు నచ్చుతుంది. గూఢచారి అని అనుమానం ఉంటే పంపించేయండి. కారణం చెప్పక్కర్లేదు, రుజువు చూపక్కర్లేదు, 'మీరు మాకు వద్దు' అంటే చాలు. అది కూడా చాలదనుకుంటే సంబంధాలే తెంచుకోండి. చట్టం లోపలే ఇంత పెద్ద ఆయుధం పెట్టి ఉంచినప్పుడు గోడలెక్కాల్సిన పని లేదు.

చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. 1984 ఏప్రిల్ 17న లండన్‌లో లిబియా దౌత్య కార్యాలయం ముందు నిరసన జరుగుతుంటే లోపల్నుంచి కాల్పులు జరిగాయి. అక్కడ డ్యూటీలో ఉన్న ఇవాన్ ఫ్లెచర్ అనే పాతికేళ్ల కానిస్టేబుల్ చనిపోయింది. హంతకుడు ఆ భవనంలోనే ఉన్నాడని ప్రపంచమంతటికీ తెలుసు. బ్రిటన్ పోలీసులు రోజుల తరబడి చుట్టూ కాపలా కాశారు తప్ప లోపలికి వెళ్లలేదు. లిబియాతో సంబంధాలు తెంచుకుని, లోపలున్నవాళ్లందర్నీ విమానం ఎక్కించి పంపేశారు. ఇది చదివితే కడుపు మండుతుంది. నాకూ మండింది. కానీ అదే సమయంలో ట్రిపోలీలో బ్రిటిష్ ఎంబసీ ఉంది, అందులో మనుషులున్నారు. ఇక్కడ గోడ దూకితే అక్కడ ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఈ చట్టం మంచితనం మీద నడవదు. మనవాళ్లు వాళ్ల చేతిలో, వాళ్లవాళ్లు మన చేతిలో ఉంటారన్న భయం మీద నడుస్తుంది.

పుకారుతో మొదలై, పెద్దల మాటతో రాజుకుని, జనం చేతుల్లో తగలబడే దాడులకి ఇంకో ఉదాహరణ కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్. అంగ్‌కోర్ వాట్ థాయిలాండ్‌దే అని ఒక థాయ్ టీవీ నటి అన్నదట. ఆమె అననే లేదని చెప్పింది, ఎవరూ వినలేదు. ప్రధాని హున్ సేన్ తానే ఒక సభలో ఆమెని ఈసడించారు. రెండు రోజులకే, 2003 జనవరి 29న, థాయ్ ఎంబసీ కాలిపోయింది. థాయిలాండ్ సైనిక విమానాలు పంపి తన పౌరుల్ని తీసుకెళ్లింది. కంబోడియా పరిహారం కట్టింది.

మామూలు జనానికి దీనివల్ల పోయేదేముంది అనేవాళ్లకి 2016 సంగతి చెప్పాలి. సౌదీలో షియా మతగురువు నిమ్ర్ అల్ నిమ్ర్‌కి మరణశిక్ష అమలు చేశారని జనవరి 2న టెహ్రాన్‌లో సౌదీ ఎంబసీని ధ్వంసం చేశారు. అధ్యక్షుడు రౌహానీ ఖండించారు. చివరికి అప్పటి సర్వోన్నత నేత ఖమేనీ కూడా అది చెడ్డపనే అన్నారు. ఏం లాభం? సౌదీ సంబంధాలు తెంచుకుంది. ఆ ఏడాది ఇరాన్ నుంచి యాత్రికులు హజ్‌కి వెళ్లలేదు. వీసాలు ఎక్కడ, ఎలా ఇవ్వాలన్న చర్చల దగ్గరే వ్యవహారం చిక్కుపడింది. జీవితమంతా కూడబెట్టుకుని, వంతు కోసం ఎదురుచూసిన ముసలివాళ్లు ఎంతమందో. రాళ్లేసిన కుర్రాళ్లకి ఆ లెక్క తెలియదు. తెగిన సంబంధాలు మళ్లీ అతుక్కోవడానికి 2023 మార్చి దాకా పట్టింది, అదీ చైనా మధ్యవర్తిత్వంతో.

ఇక మన సంగతి. 2023 మార్చి 19న లండన్‌లో మన హైకమిషన్ బాల్కనీ ఎక్కి ఒకడు జెండా లాగేశాడు, కిటికీలు పగలగొట్టారు. భద్రత ఎందుకు లేదని మన విదేశాంగ శాఖ ఆ రాత్రే బ్రిటిష్ దౌత్యవేత్తని పిలిపించి అడిగింది. మూడు రోజులకి ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషన్ ముందున్న బారికేడ్లు మాయమయ్యాయి. అదే రోజు లండన్‌లో మళ్లీ నిరసన జరిగితే ఈసారి గుర్రాల మీద పోలీసులతో సహా బలగాలన్నీ దిగాయి. బారికేడ్లు తీసేయడం పెద్దరికం అనిపించుకోదు. కానీ ఇంగ్లిషువాళ్లకి విషయం అర్థమైంది. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో మన కాన్సులేట్ మీద మార్చిలో దాడి, జూలైలో నిప్పు పెట్టే ప్రయత్నం.

అప్పుడు రక్తం మరిగినవాళ్లు 2024 డిసెంబర్ 2న అగర్తలాలో జరిగింది కూడా గుర్తుంచుకోవాలి. బంగ్లాదేశ్ అసిస్టెంట్ హైకమిషన్ ఆవరణలోకి మనవాళ్లే చొరబడి వాళ్ల జెండా దించేశారు. బంగ్లాదేశ్‌లో హిందూ సన్యాసిని అరెస్టు చేశారన్న కోపం. కోపానికి కారణం ఉండొచ్చు, లండన్‌లో బాల్కనీ ఎక్కినవాడూ తన కోపానికి కారణం ఉందనే అంటాడు. మన విదేశాంగ శాఖ అదే రోజు తీవ్ర విచారం తెలిపింది. అరెస్టులు జరిగాయి, పోలీసు అధికారుల్ని సస్పెండ్ చేశారు. నా చివరి రెండు ప్రశ్నలకీ ఇవి సరైన జవాబులు. మొదటి ప్రశ్నకి మాత్రం లండన్ ఎలా ఫెయిలైందో మనమూ అలాగే ఫెయిలయ్యాం. సోషల్ మీడియాలో ఆ వీడియో చూసి చప్పట్లు కొట్టినవాళ్లకి ఈ పోలిక చెబితే నచ్చలేదు.

పోలీసులు రాకపోవడం ఒక సమస్య అయితే, పోలీసులే రావడం ఇంకా కొత్త సమస్య. 2024 ఏప్రిల్ 5 రాత్రి క్విటోలో ఈక్వడార్ పోలీసులు మెక్సికో ఎంబసీ గోడ ఎక్కి లోపలికి దిగి, అక్కడ ఆశ్రయం పొందిన మాజీ ఉపాధ్యక్షుడు హోర్హే గ్లాస్‌ని ఈడ్చుకెళ్లారు. ఆయన అవినీతి కేసుల్లో శిక్ష పడిన మనిషే, పాపం అనాల్సిన పని లేదు. కానీ నలభై ఏళ్ల కిందట హంతకుడి కోసం బ్రిటన్ చేయని పనిని ఈక్వడార్ లంచగొండి కోసం చేసింది. దానికి నాలుగు రోజుల ముందే డమాస్కస్‌లో ఇరాన్ కాన్సులేట్ భవనాన్ని ఇజ్రాయెల్ విమానాలు కూల్చేశాయి. అది ఆతిథ్య దేశం పని కాదు, మూడో దేశం పని. లోపలున్నది సైనిక జనరళ్లే కదా అని ఇజ్రాయెల్ సమర్థకులు అంటారు. రెండు వారాల్లోపే ఇరాన్ డ్రోన్లు, క్షిపణులు నేరుగా ఇజ్రాయెల్ మీదికి వెళ్లాయి. 1999లో బెల్‌గ్రేడ్‌లో చైనా ఎంబసీ మీద అమెరికా బాంబులు పడి ముగ్గురు చైనా జర్నలిస్టులు చనిపోయినప్పుడు కనీసం పాత మ్యాపు వల్ల పొరపాటు జరిగిందని సంజాయిషీ ఇచ్చుకున్నారు, డబ్బు కట్టారు. చైనా నమ్మలేదు, అది వేరే కథ. పొరపాటు అని చెప్పుకోవాల్సిన అవసరం కూడా ఇప్పుడు ఎవరికీ కనిపించడం లేదు. మూకల కంటే నాకు ఇదే ఎక్కువ టెన్షన్.

బాంబు దాడుల దగ్గర నా మూడు ప్రశ్నలూ అంతగా పనిచేయవని ఒప్పుకోవాలి. లారీ నిండా పేలుడు పదార్థాలతో వచ్చేవాణ్ణి పోలీసులు ఆపలేకపోవచ్చు. 1998 ఆగస్టు 7న నైరోబీలో అమెరికా ఎంబసీ వెనక గేటు దగ్గర ఆయుధం లేని ఒక కెన్యా గార్డు అడ్డుకర్ర ఎత్తడానికి ఒప్పుకోలేదు. దాడి చేసినవాడు ఒక గ్రెనేడ్ విసిరాడు. ఆ చప్పుడుకి చుట్టుపక్కల ఆఫీసుల్లో ఉన్నవాళ్లంతా ఏమిటా అని కిటికీల దగ్గరికి వచ్చి తొంగిచూశారు. అప్పుడు లారీ పేలింది. ఎంతోమంది కళ్లు పోయింది అలా, అద్దాలు మొహం మీద పగిలి. పక్కనున్న ఉఫుండి హౌస్ మొత్తం కూలిపోయింది. నైరోబీలో 213 మంది చనిపోతే అందులో అమెరికన్లు 12 మంది. ఆ భవనం రోడ్డుకి మరీ దగ్గరగా ఉందని, మార్చమని రాయబారి ప్రుడెన్స్ బుష్నెల్ వాషింగ్టన్‌కి అంతకుముందే మొరపెట్టుకున్నారు. 1983లో బేరూట్ ఎంబసీ పేలాక, రోడ్డుకి 100 అడుగుల దూరం ఉండాలని అమెరికా తానే పెట్టుకున్న నియమం అది. డబ్బు లేదన్నారు.

కాబూల్‌లో మన ఎంబసీ మీద 2008 జూలై 7న జరిగిన దాడిలో 50 మందికి పైగా చనిపోయారు. బ్రిగేడియర్ ఆర్.డి. మెహతా, దౌత్యాధికారి వి. వెంకటేశ్వరరావు, ఇద్దరు ఐటీబీపీ జవాన్లు మనకి గుర్తున్నారు, గుర్తుండాలి కూడా. మిగతావాళ్లలో చాలామంది వీసా కోసం గేటు బయట వరుసలో నిలబడ్డ, రోడ్డు మీద పోతున్న అఫ్గాన్లు.

పరాయి దేశంలో పాస్‌పోర్టు పనిమీద మన కాన్సులేట్ ముందు నేనూ వరుసలో నిలబడ్డాను. గోడ నాకంటే ఎత్తు, దాని మీద కెమెరాలు, ముళ్లకంచె. మేం నిలబడ్డది ఆ గోడకి బయట, ఫుట్‌పాత్ మీద. వీపు వెనక నుంచి బస్సులు పోతున్నాయి. అప్పుడు ఇదంతా ఆలోచించలేదు, ఫోటో సైజు సరిపోతుందా లేదా అన్నదే బెంగ. ఇప్పుడు ఆలోచిస్తే, భద్రత అని మనం అనుకునేదంతా గోడకి అవతల ఉంది. వియన్నా ఒప్పందంలో భవనానికి రక్షణ ఉంది, దౌత్యవేత్తకి ఉంది, వాళ్ల దౌత్య సంచికి కూడా ఉంది. వరుసలో నిలబడ్డ మనిషి పేరుమీద ఒక్క ముక్క లేదు. గోడలు ఇంకా ఎత్తు చేసిన కొద్దీ, లోపలికి రాలేని బాంబు పేలేది గేటు దగ్గరే.

నైరోబీలో దాడి చేసిన అల్ ఖైదాకి ఒకప్పుడు ఆశ్రయం ఇచ్చిన సూడాన్, 2020లో అమెరికా ఉగ్రవాద జాబితా నుంచి బయటపడటం కోసం 335 మిలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. నైరోబీలోనూ, అదే రోజు టాంజానియాలోని దారుస్సలాంలోనూ జరిగిన ఎంబసీ పేలుళ్ల బాధితుల పరిహారం కూడా అందులోదే. అది అమెరికా పౌరులకి, ఎంబసీలో పనిచేసినవాళ్లకి, కాంట్రాక్టర్లకి దక్కింది. ఆ పూట ఆ వీధిలో ఉన్న మామూలు కెన్యా జనానికి, కిటికీ దగ్గరికి వచ్చి చూపు పోగొట్టుకున్నవాళ్లకి వాటా లేదు. వాళ్లు తమ పార్లమెంటునీ అడిగారు, అమెరికానీ అడిగారు. కాపాడలేకపోయినందుకు ఒకరు, ఎవరి మీది పగతో ఆ లారీ వచ్చిందో వాళ్లు ఇంకొకరు. ఇద్దరూ చెల్లించాల్సినవాళ్లేనని నా అభిప్రాయం.